లోపల పెట్టిన గజంకర్ర

మొన్నామధ్య మా కిటికీలకు దోమతెరలు బిగించే మనిషి వచ్చి, కొలతలు తీసుకుని, రేటు చెప్పి, వెళ్తూ వెళ్తూ తన టేపును మా చెప్పుల స్టాండు మీద వదిలేసి వెళ్లాడు. పేరు మహేశ్. నడివయసుకు దగ్గరపడుతున్న మనిషి, చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. సాయంత్రం మా అబ్బాయి సలీం ఆఫీసు నుంచి వచ్చి, ఆ టేపు చూసి, "మర్చిపోయిండమ్మా. గిసొంటోళ్లు పనేం జేస్తరు?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పనివాడు చెప్పులన్నా మర్చిపోతాడేమో గానీ పనిముట్టు మర్చిపోడు. ఈ సంగతి పద్మారావు నగర్ మొత్తం మీద నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. ఆ టేపు కంటపడిన దగ్గర్నుంచి మా నాయిన నన్ను వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా ఆయనే, దుప్పటి మడత పెడుతున్నా ఆయనే. రాసుకుంటే అన్నా వదులుతాడేమోనని కూర్చున్నాను.

మాది దూదేకుల కుటుంబం. మా తాత నల్గొండ వైపు నుంచి వచ్చి మోండా మార్కెట్ వెనక సందులో రేకుల షెడ్డు వేసుకున్నాడు. ముందు షెడ్డు, వెనక ఒక గది, గది వెనక బట్టలుతికే బండ. అంతే మా ఇల్లు. నమాజు అరబ్బీలో, కోపం ఉర్దూలో, మిగతా బతుకంతా తెలుగులో నడిచేది. షెడ్డులో దూది ఏకే మిషను ఉండేది. అది తిరగడం మొదలుపెడితే పక్కవాళ్ల రేడియో వినపడేది కాదు, ఎదురుగా ఉన్న గోడ కనపడేది కాదు. మా అన్నంలో దూది, జడలో దూది, అమ్మ కాటుకలో దూది. ఎండలో కాగిన దూదికి కొంచెం గింజనూనె వాసన, కొంచెం మట్టివాసన ఉంటుంది. మార్కెట్ వైపు గాలి మళ్లితే దానికి కుళ్లిన కొత్తిమీర కాడల వాసన, ఉల్లిగడ్డ బస్తాల వాసన తోడయ్యేవి. ఇప్పటికీ మోండాలో కూరలకు వెళ్తే నా ముక్కు ఆ గింజనూనె వాసన కోసం వెతుక్కుంటుంది. దొరకదు. ఆ షెడ్డున్న చోట ఇప్పుడు ప్లాస్టిక్ బకెట్లు అమ్ముతున్నారు.

నాయిన పేరు ఖాసిం. సన్నటి మనిషి, మెత్తటి మాట. పొద్దున్నే నమాజు చేసుకుని, చాయ్‌లో బన్ను ముంచుకు తిని, మొదట చేసే పని దూది బస్తాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచడం. తేమ ఉందో లేదో చూడడానికని చెప్పేవాడు. మరీ అంతసేపా అని అమ్మ దెప్పేది. ఇళ్లకు వెళ్లి రేటు చెప్పేటప్పుడు ఆయన పద్ధతి ఆయనది. ఇంటావిడ పాత పరుపు తెచ్చి వరండాలో పడేస్తే, మూల దగ్గర కుట్టు విప్పి, చిటికెడు దూది లాగి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "ఇంట్ల చిన్నపిల్లలున్నరా అమ్మా?" అనేవాడు. పిల్లల తడి తగిలిన దూదిని వేరే ఎండబెట్టాలి, దానికి పని ఎక్కువ. ఆ తర్వాత నేల చూస్తూ రేటు చెప్పేవాడు. అవతలి మనిషి ముఖం చూస్తూ ధర చెప్పడం ఆయనకు చేతకాలేదు. అవతలివాళ్లు "అంతనా!" అనగానే ఈయన చెవులు ఎర్రబడేవి. తనే ఏదో తప్పు చేసినట్టు మూట కట్టుకోవడం మొదలుపెట్టేవాడు.

మూట కట్టుకుని, దండం పెట్టి, గజంకర్ర అక్కడే వదిలేసి వచ్చేవాడు.

అది మా తాత నాటి కర్ర. టేకుది, రెండు కొసలకూ తొడిగిన ఇత్తడి పొన్నులు. పరుపు పొడవు, వెడల్పు దానితోనే కొలిచేవాళ్లు. రేటు చెప్పిన ఇంట్లో దాన్ని వదిలిపెట్టి రావడం మా పనివాళ్లలో పాత అలవాటు. పని ఇస్తారా లేదా అని రెండోసారి వెళ్లి అడగడం నామర్దా. అడుక్కున్నట్టుంటుంది. కర్ర కోసం వెళ్తే అడుక్కున్నట్టు కాదు, మన వస్తువు మనం తెచ్చుకోవడం. ఇవ్వదలుచుకున్నవాళ్లు కర్రను ఇంటి లోపల, తలుపు మూలనో గొడుగుల పక్కనో పెట్టేవాళ్లు. ఇవ్వదలుచుకోనివాళ్లు కాంపౌండు గోడకు ఆనించేవాళ్లు. వీధి మలుపులోంచే కర్ర కనబడితే, గేటు కూడా తియ్యకుండా దాన్ని అందుకుని మర్లిపోవడమే. కాదనే మాట నోటితో అనే బాధ వాళ్లకు లేదు, వినే బాధ మాకు లేదు. కార్ఖానాలో ఒక మేజరుగారి భార్య ఉండేది. పెద్దావిడ, పని ఇద్దామని ముందే అనుకున్న రోజున, "ఖాసిం, కర్ర మర్చిపోవడం మర్చిపోకు," అని నవ్వేది. నాయిన సిగ్గుపడి, కర్రను తనే తీసుకెళ్లి ఆవిడ తలుపు మూలన పెట్టి వచ్చేవాడు.

కర్ర తెచ్చే పని ఎక్కువగా నాదే. ఇంటరు చదువుతున్నాను అప్పుడు. కాలేజీ నుంచి వస్తూ ఆ ఇంటి మీదుగా రావడం. "ఆడపిల్ల పోతే గట్టిగ మాట్లాడరు," అనేవాడు నాయిన. అసలు కారణం అది కాదు. ఆయనకు మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. చిన్నప్పటి నుంచి మింగిన దూది నుసి లోపల పేరుకుంది. డాక్టరు ఛాతీ ఫొటో తీయించి, మిషను దగ్గర నిలబడితే ఎక్కువ రోజులు ఉండవని తేల్చి చెప్పాడు. అందుకే మిషను మీద యాదగిరి అనే అతన్ని పెట్టుకున్నాడు. కుట్టుపని, కొలతలు, బేరాలు మాత్రం నాయినవి. అందులో బేరాలు ఆయనవి అనడం కూడా అబద్ధమే. బేరం ఎప్పుడూ అవతలివాళ్లదే.

బేరమంటే మా అమ్మది. మోండాలో వంకాయలవాళ్లు ఆమెను చూస్తే చీర కొంగు కప్పుకుని పక్కకు తిరిగేవాళ్లు. ఏ కూరా చెప్పిన రేటుకు కొనలేదు, కొసరు లేకుండా ఇల్లు చేరలేదు. "నువ్వే బేరాలాడతవు, మల్ల నాయిననెందుకు తిడతవు?" అని ఒకరోజు అడిగాను. ఆమె వంకాయ తొడిమ తీస్తూ, "నేను రేటు తగ్గిస్తె వంకాయ చిన్నగైతదా? మీ నాయిన రేటు తగ్గిస్తె ఏదో ఒకటి తగ్గాలె. దూదన్న తగ్గాలె, మనిషన్న తగ్గాలె. ఆయన దూది తగ్గియ్యడు," అంది. ఆ వయసులో నాకిది అమ్మ చాదస్తంగా తోచింది.

అప్పటికే ఫోము పరుపులు వచ్చేశాయి. ప్యారడైజ్ వైపు అద్దాల షాపుల్లో వాటిని నిలబెట్టి ఉంచేవాళ్లు. ఏకనక్కర్లేదు, ఎండబెట్టనక్కర్లేదు. కర్ర మాకు గోడల మీద, గేట్ల మీద కనబడడం ఎక్కువైంది. పద్మారావు నగర్‌లో పాత ఇళ్లు కూడా ఒక్కొక్కటే ఫోముకు మళ్లిపోయాయి. యాదగిరి వారంలో సగం రోజులు బీడీ కాలుస్తూ షెడ్డు ముందు కూర్చునేవాడు. షెడ్డు ఓనరు అద్దె పెంచుతానని కబురు పెట్టాడు. సరిగ్గా అలాంటప్పుడు లాడ్జి పని గురించి తెలిసింది. స్టేషన్‌కు దగ్గర్లో కొత్తగా కడుతున్న లాడ్జి. ఓనరు సుబ్బారావు గారిది కోస్తా. ఊళ్లో పొలం అమ్మి ఇక్కడ వ్యాపారం పెట్టాడు. గదులన్నిటికీ పరుపులు కావాలి. ఆ పని దొరికితే ఏడాది గడుస్తుంది, షెడ్డు నిలుస్తుంది, యాదగిరి ఉంటాడు, నాయిన మిషను దగ్గరికి వెళ్లనక్కర్లేదు. మా ఇంట్లో ఆ రోజుల్లో ఎవరు ఏం మాట్లాడినా అది చుట్టూ తిరిగి లాడ్జి దగ్గరికే వచ్చేది.

మొదటిసారి నేను, నాయిన కలిసి వెళ్లాం. గోడలకు ఇంకా రంగులు వేస్తున్నారు. సుబ్బారావు గారు మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. పనివాడికి కుర్చీ వేసి, తన కప్పులాంటి కప్పులోనే కాఫీ ఇచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నాయిన మంచాలు కొలిచి, నేల చూసి రేటు చెప్పాడు. సుబ్బారావు గారు తొందర పడలేదు. "అలాగేనండి ఖాసిం గారూ. ఫోము వాళ్లు కూడా కొటేషన్ ఇచ్చారు, కాగితం మీద. మీరూ ఓ కాగితం రాసివ్వండి, చూద్దాం," అన్నాడు. నా రూళ్ల పుస్తకంలోంచి కాగితం చింపి నేనే రాశాను. దూది, గుడ్డ, దారం, మిషను మీద మనిషి కూలి, కుట్టుకూలి. ఒక్కొక్కదానికి ఎదురుగా నాయిన చెప్పిన అంకె. కాగితం ఆయన చేతిలో పెట్టి, కర్రను కౌంటరుకు ఆనించి, మేము వచ్చేశాం.

వారం తర్వాత వెళ్లాను. కర్ర కౌంటరు దగ్గర లేదు. బయట గోడ దగ్గర కూడా చూశాను, లేదు. సుబ్బారావు గారు నన్ను చూసి, "మీ కర్ర భద్రంగా ఉందమ్మా, లోపల పెట్టించాను," అన్నాడు. "నాన్నగారిని ఇంకో మాట ఆలోచించమను. కుట్టుకూలి ఎక్కువ అనిపిస్తోంది." ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాను. నాయిన రేటు సంగతి అడగలేదు.

"కర్ర ఏడుంది బిడ్డా?"

"లోపల, ఆఫీసు రూములో."

"ఆఫీసు రూములనా?" ఆయన ముఖం విప్పారింది. అమ్మ వైపు తిరిగి, "ఇన్నవా? లోపల్కి పెట్టిండంట. ఇస్తడు. జెర కుట్టుకూలి తగ్గిద్దాం, నా చేతులే గద," అన్నాడు.

అట్లా మొదలైంది. నేను వెళ్లినప్పుడల్లా సుబ్బారావు గారు మర్యాదగా కూర్చోబెట్టేవాడు. చదువు గురించి అడిగేవాడు. ఆఖర్న ఒక చిన్న మాట, ఇంకొంచెం చూడమనండి అని. కర్ర ఇంకా ఇంకా లోపలికి పోతూ ఉండేది. ఒకసారి ఆయన బీరువా పక్కన, ఒకసారి వెంకటేశ్వరస్వామి పటం కింద. పటం కింద అని చెప్పిన రోజు నాయిన అమ్మను కోడి కొయ్యమన్నాడు. కుట్టుకూలి సగమైంది, తర్వాత మొత్తం పోయింది. "వేరే కొలకర్ర ఒకటి కొనుక్కో, రెండు మూడు ఇండ్లు తిరుగుదువు," అని అమ్మ మొత్తుకుంది. మేజరుగారి భార్య కబురు పెట్టినా నాయిన వెళ్లలేదు. "ఒక ఇంట్ల కర్ర ఉండంగ ఇంకో ఇంట్ల రేటు చెప్తె గదేం మర్యాద? మాటిచ్చినట్టే గద," అన్నాడు. ఎవరూ ఇవ్వని మాటను పట్టుకుని నెలన్నర కూర్చున్నాడు. అన్నాళ్లూ మిషను ఆగే ఉంది. షెడ్డులో అంత నిశ్శబ్దం నాకు గుర్తుండగా ఎప్పుడూ లేదు.

ఆఖరిసారి నాయిన కూడా వచ్చాడు. రెండు అంతస్తుల మెట్లు, మధ్యలో రెండుచోట్ల ఆగి, రంగులు చూస్తున్నట్టు నటించాడు. సుబ్బారావు గారు నేను రాసిన కాగితాన్ని బల్ల మీద పరిచి, "ఇదిగోండి, ఫోము వాళ్లు ఇంకా దిగారు. మీరు ఈ ఒక్కటీ సర్దుకుంటే ఇవాళే ఖాయం చేసుకుందాం," అన్నాడు.

"దూది తగ్గియ్యలేను సార్," అన్నాడు నాయిన.

"దూది తగ్గించమని నేనెందుకంటానండీ? మంచి దూదే వెయ్యండి."

నాయిన కాగితం వంక చూశాడు. చదువు రాదు, అయినా ఏ గీత ఏమిటో ఆయనకు తెలుసు. వేలితో ఒక గీత చూపించి, "ఇది తీసెయ్యి బిడ్డా," అన్నాడు.

"అది యాదగిరి కూలి నాయినా."

"తెలుసు. తీసెయ్యి."

"మరి మిషను ఎవరు నడుపుతరు?"

ఆయన కాఫీ కప్పు తీసుకుని, వేడిగా ఉందో లేదో చూడకుండానే తాగాడు. నేను గీత కొట్టేశాను. సుబ్బారావు గారు సంతోషంగా లేచి, లోపలికి వెళ్లి, కర్రను రెండు చేతులతో తెచ్చి నాయినకు ఇచ్చాడు. గెలిచినవాళ్లిద్దరూ చేతులు కలిపారు. బస్సులో నాయిన కర్రను ఒళ్లో పెట్టుకుని పొన్నులు తుడుస్తూ కూర్చున్నాడు. నెలన్నర తర్వాత ఆయన చేతికి వచ్చిన కర్ర అది.

యాదగిరికి ఆ సాయంత్రమే చెప్పేశాడు. అతను నమ్మలేదు. "నేను ఊకెనే చేస్త సేటూ, పని అయినంక చూద్దాం," అన్నాడు. "ఊకెనే చేపిచ్చుకుంటె నాకు పాపం తగుల్తది, పో," అని నాయిన గట్టిగా కసిరాడు. ఆయన అట్లా కసరడం నేను వినడం అదొక్కసారే. యాదగిరి రాణీగంజ్‌లో ఫోము గోదాములో మోతపనికి కుదిరాడు. మర్నాడు నాయిన ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని మిషను దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి ఆ గుడ్డ తెల్లగా అట్టకట్టేది. అమ్మ దాన్ని ఉతికి ఇంకొకటి కట్టేది. నేను అడ్డం పడ్డాను, మిషను నేను తిప్పుతానన్నాను. "నీ రొమ్ముల సుత పోతదే నుసి. పుస్తకాలు తీస్కొని మేజరమ్మ ఇంటికి పోయి సదువుకో," అని తోసేశాడు. షెడ్డు బయట నిలబడి వినేదాన్ని. మిషను చప్పుడు, దగ్గు, మిషను చప్పుడు. మెల్లగా మిషను ఆగే సమయం పెరిగింది, దగ్గు తగ్గలేదు. పరుపులన్నీ తయారయ్యాక ఒక్కొక్కదాన్ని తట్టి, మూలలు నొక్కి, తృప్తిపడ్డాకే బండి ఎక్కించాడు. వాటిలో ఒక్క గుప్పెడు మిల్లు చెత్త లేదు. అంత మంచి పరుపులు ఆ సందులోంచి అంతకుముందు వెళ్లలేదు, ఆ తర్వాత అసలు పరుపులే వెళ్లలేదు.

చలికాలంలో ఆయన్ని పెద్దాసుపత్రిలో చేర్చాం. పడుకోలేడు, కూర్చునే ఉండేవాడు. ఊపిరి అందినప్పుడు మంచం మీది పరుపు అంచును బొటనవేలితో నొక్కి, "కొబ్బరి పీచు," అన్నాడు నాతో. ఇంకో రోజు ఎదుటి మంచం వైపు చూపించి, "గా పరుపు సుత పీచే," అన్నాడు. ఆయన నాతో అన్న ఆఖరి మాటలు ఇవే. గొప్ప మాటలేమీ కావు. నేను వాటిని ఎవరికీ చెప్పుకోలేదు, చెప్తే నవ్వుతారని.

సుబ్బారావు గారు పరామర్శకు వచ్చాడు. అంత ఇరుకు సందులోకి తెల్ల పంచెతో నడిచి వచ్చి, షెడ్డులో కింద చాప మీద కూర్చున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు, అవి నిజమైన కన్నీళ్లే. "అమ్మా, నాకు ఫోము మీద నమ్మకం లేదు. మా అమ్మ దూది పరుపు లేకపోతే నిద్రపోదు. మొదటి రోజే ఈ పని ఖాసిం గారికే ఇద్దామనుకున్నాను. ఏదో నాలుగు మాటలు బేరమాడాను. అందరం ఆడేదే కదా. ఇలా కష్టంగా ఉంది, ఇంతకంటే తగ్గలేను అని ఆయన ఒక్క మాట అని ఉంటే, మొదటి రేటుకే ఇచ్చేవాణ్ణి," అన్నాడు.

అమ్మ తలెత్తింది. "కర్ర మీ తాన్నే పెట్టె గద సార్. ఇంకెట్ల అడగాలె?"

ఆయనకు అర్థం కాలేదు. "కర్రా? పాపం మర్చిపోయారనుకున్నానమ్మా. పాతకాలం వస్తువు, రంగులవాళ్లు పాడుచేస్తారని లోపల పెట్టించాను. బీరువాకు రంగు వేసినప్పుడు అక్కణ్ణించి తీసి పటం కింద పెట్టించాను," అన్నాడు.

అమ్మ ఆయనకు చాయ్ పోసి ఇచ్చింది. నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. బీరువా పక్కన అని నేను చెప్పిన రోజు నాయిన ముఖం, పటం కింద అని చెప్పిన రోజు ఉడికిన కోడికూర వాసన, అన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి. మేము నెలన్నర పాటు చదువుకున్న ఆ కర్రలో ఏమీ రాసి లేదు. సుబ్బారావు గారికి మా పద్ధతి తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. తన ఊళ్లో మనుషులు రేటు నచ్చకపోతే నచ్చలేదని అరిచి చెప్తారు, ఇక్కడా అంతే అనుకున్నాడు. ఆయన మీద నాకు కోపం లేదని అబద్ధం రాయను. ఉంది. దుర్మార్గుడైతే ఇంత కోపం ఉండేది కాదు, తిట్టి మర్చిపోయేదాన్ని. నాయిన మీద అంతకంటే ఎక్కువ కోపం ఉంది. ఒక్క మాట. నోరు తెరిచి ఒక్క మాట అనలేక, మనిషి తన ఊపిరిని తీసుకెళ్లి కాగితం మీద కొట్టేయించాడు.

ఆ తర్వాత నేను టీచరునయ్యాను, పెళ్లయింది, ఈ ఫ్లాటు కొనుక్కున్నాం. ఇన్నేళ్లలో నేను ఎవరితోనూ బేరమాడలేదు. ఆటోవాడు చెప్పింది ఇస్తాను, కూరలామె చెప్పింది ఇస్తాను. ఇంట్లో నన్ను ఆటపట్టిస్తారు. మా కోడలు నన్ను మార్కెట్‌కు వెంటబెట్టుకుని వెళ్లడం మానేసింది. కర్ర మా ఇంట్లోనే తలుపు మూలన ఉంది. అటక మీది డబ్బాలు కిందికి లాగడానికి కోడలు దాన్ని వాడుతుంది. ఒక పొన్ను ఊడిపోయింది.

ఇప్పుడు బేరాలు నోటితో జరగడం లేదు. సలీం ఫోనులో నలుగురి రేట్లు పక్కపక్కన పెట్టి చూస్తాడు, ఒకడి రేటు ఇంకొకడికి పంపి ఇంకా దిగమంటాడు. వాడు చెడ్డవాడు కాదు, వాడి తోటివాళ్లందరూ చేసేదే చేస్తున్నాడు. మహేశ్ రేటు చెప్పిన మర్నాటి నుంచి పొద్దున్నే సలీం ఫోనుకు అతని దగ్గర్నుంచి గులాబీ పువ్వుల బొమ్మలు రావడం మొదలైంది. కింద 'శుభోదయం సార్' అని. ఇంకే మాటా ఉండదు. "రేటు అడిగిన పాపానికి రోజూ పువ్వులేందమ్మా," అని సలీం విసుక్కుని, అవి మోగకుండా చేసేశాడు. వాడు చూసినట్టు అవతల మహేశ్‌కు తెలుస్తుందట. చూస్తున్నాడు కాబట్టి ఇస్తాడేమోనని అతను అక్కడ అనుకుంటూ ఉంటాడు. బీరువా పక్కన, పటం కింద.

నిన్న సాయంత్రం సలీం పని ఇంకెవరికో ఖాయం చేసేశాడు. ఏదో కంపెనీ, మహేశ్ కంటే బాగా తక్కువ. అడ్వాన్సు కూడా పంపేశాడు. టేపు సంగతి అడిగితే, "వాచ్‌మన్ దగ్గర పెట్టిన, వచ్చి తీస్కపొమ్మని మెసేజ్ పెట్టిన," అన్నాడు. నేను లిఫ్టులో కిందికి వెళ్లి టేపు పైకి తెచ్చుకున్నాను. రాత్రంతా అది నా దిండు పక్కనే ఉంది. అది కిందే ఉంటే మహేశ్ గేటు దగ్గరికి వచ్చి, వాచ్‌మన్ చేతిలో టేపు చూసి, తలొంచుకుని పోతాడు. మా నాయినకు ఎవరూ చెప్పని మాట ఇతనికి నేను నా నోటితో చెప్తాను అనుకున్నాను. కాదు అని. స్పష్టంగా, మర్యాదగా, ఆశకు చోటు లేకుండా. అదొక్కటే నా చేతనయిన న్యాయం అనిపించింది.

పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాను. పాత స్కూటరు మీద వచ్చాడు. వెనక తెర చుట్ట కట్టి ఉంది. టేపు అతని చేతిలో పెట్టి, "పని వేరేవాళ్లకిచ్చినం బిడ్డా. అడ్వాన్స్ సుత ఇచ్చేసినం. నువ్వు ఇంక మా కోసం చూడకు," అన్నాను. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను.

అతను టేపు జేబులో పెట్టుకోలేదు. గేటు గోడ మీద పెట్టి, దాని మీద చెయ్యి ఉంచి, నేల చూస్తూ నిలబడ్డాడు.

"వాళ్లకు ఎంతకిచ్చిండ్రమ్మా?" అన్నాడు. "అడ్వాన్స్ వాపస్ తీసుకోండ్రి. గంతకే నేను చేస్త. తెర మంచిదే ఏస్త. నా కూలి తీసెయ్యుండ్రి."